అప్‌డేట్: మాల్దీవుల్లో రీఫ్ మీద సర్ఫింగ్, వెళ్లొచ్చాను

ఇసుక బీచ్‌లోనే సర్ఫింగ్ నేర్చుకున్నవాళ్లు మాల్దీవుల రీఫ్‌కి (నీళ్ల కింది పగడపు దిబ్బకి) ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

జూన్, జులైలో అలలు పెద్దవి, మార్చి చివర్లో వెళ్లమన్నారు. సరిగ్గా కుదిరింది: చిన్న అలలు, తక్కువ గాలి. ఒక దీవి పక్కనున్న సుల్తాన్స్ అనే సర్ఫింగ్ స్పాట్‌లో కుడివైపు విరిగే అల నాకు సరిపోయింది. అదే దీవికి అవతలున్న హోంకీస్ అనే ఇంకో స్పాట్‌లో అలలు చూస్తేనే టెన్షన్, పడవలోంచి చూసి ఊరుకున్నా.

అన్నిటికన్నా పనికొచ్చింది, పడితే కాళ్లు కింద పెట్టకుండా చదునుగా పడమన్న మాట. మోచెయ్యి ఒకసారి గీసుకుంది. పగడపు నలకలు పోయేలా మంచినీళ్లతో రుద్ది కడిగి యాంటీసెప్టిక్ రాశాను, చీము పట్టలేదు.

రీఫ్ బూట్లు అక్కర్లేకపోయాయి, పడవ నుంచి నేరుగా లోతు నీళ్లలోకే దూకుతాం. ఆటుపోట్ల గురించి అంత చర్చించాం గానీ అక్కడ తేడా మహా అయితే మీటరు.