నల్లబడ్డ ప్లగ్గు ‘మాడింది’ అనొచ్చా?

ప్రశ్న: మా నల్లగొండలో బండి స్పార్క్ ప్లగ్గు (ఇంజన్‌లో పెట్రోలును రవ్వతో అంటించేది) తీసి చూస్తే నల్లగా ఉంటే కొందరు ‘మాడింది’ అంటారు, కొందరు ‘మసిబట్టింది’ అంటారు. ఏది సరైనది?

జవాబు: మసిబట్టిందే సరైనది. వంటింట్లో మాడితే నల్లబడుతుంది కాబట్టి ఆ మాట నోట్లోకి తొందరగా వస్తుంది, కానీ ఇంజన్‌లో కథ తిరగబడుతుంది. నిజంగా మాడిన ప్లగ్గు తెల్లగా పాలిపోతుంది, దాని కొసన ఉండే తెల్లటి పింగాణీ మీద ఒక్కోసారి పొక్కులు కూడా లేస్తాయి. నల్లబడిందంటే దానికి చాలినంత వేడి అందలేదని, లేదా పెట్రోలు ఎక్కువ పడుతోందని. పింగాణీ కొస దాదాపు 500 డిగ్రీలకు చేరితేనే మసి దానంతటదే కాలిపోతుంది. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిరిగే బండికి అంత వేడి ఎక్కడిది?

మసి పడితే ఏమవుతుందంటే, బండిలోని కాయిల్ అనే తీగచుట్ట 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి పంపుతుంది. ఆ కరెంటు ప్లగ్గు నడిమి కడ్డీ నుంచి పక్క కొమ్ముకు, మిల్లీమీటరు కూడా లేని ఖాళీలో దూకాలి, అదే రవ్వ. మసి కర్బనం, దానిలో కరెంటు పారుతుంది. పింగాణీ మీద మసి పేరుకుంటే కరెంటు దూకకుండా దాని మీదుగా పాకి బాడీలోకి పోతుంది. మెకానిక్‌లు ‘షార్ట్ అయింది’ అనేది దీన్నే, ఆ మాట అక్షరాలా నిజం.

మరొకరు: మరి ‘అరిగింది’ అంటే?

జవాబు: అది వేరే. రవ్వ పడిన ప్రతిసారీ కడ్డీ నుంచి కాస్త లోహం పోతుంది. పదునైన అంచులు గుండ్రబడతాయి, ఖాళీ పెరుగుతుంది, దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఊళ్లో బాగానే నడిచిన బండి మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మిస్ కొట్టడానికి ఇదీ ఒక కారణం. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి రవ్వ దూకడం కష్టమవుతుంది. మసిని తుడవొచ్చు, అరుగుదలను తుడవలేం. కొత్తది వేయాల్సిందే.

మూడు మాటలకూ మూడు వేర్వేరు రోగాలున్నాయి కాబట్టి వాటిని కలపకుండా వాడుకుందాం. నల్లటి ప్లగ్గును మాడిందనుకుని మందు వేస్తే వైద్యం తలకిందులవుతుంది. ఆయిల్‌తో తడిసి నల్లగా జిగటగా ఉన్న ప్లగ్గు మాత్రం ఇంకో రకం, అక్కడ చూడాల్సింది పిస్టన్ రింగులను. దానికి పాలమూరు షెడ్లలో వేరే మాట ఉంటే చెప్పండి.