1969లో నల్లజాతి విద్యార్థులు వేరే సంఘం పెట్టుకోవడం వర్ణవివక్ష ప్రభుత్వానికే కలిసొచ్చిందా?

కృష్ణాతీరం:
దక్షిణాఫ్రికా విద్యార్థి ఉద్యమం గురించి చదువుతుంటే ఒక అనుమానం వదలడం లేదు. అక్కడ 1924 నుంచీ నూసాస్ అనే జాతీయ విద్యార్థి సంఘం ఉంది. తెల్లవాళ్ళే ఎక్కువ, కానీ వర్ణవివక్షను బాహాటంగా వ్యతిరేకించేది. అలాంటి సంఘం ఉండగానే 1969 జూలైలో టర్ఫ్‌లూప్ అనే నల్లవాళ్ళ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు సాసో అని సొంత సంఘం పెట్టుకున్నారు. తొలి అధ్యక్షుడు స్టీవ్ బికో, నేటాల్ విశ్వవిద్యాలయంలో మెడిసిన్ విద్యార్థి. ప్రభుత్వం అప్పటికే 1959 చట్టంతో జులూలకు ఒక కాలేజీ, ఖోసాలకు ఒకటి, భారతీయులకు ఒకటి అని విడగొట్టేసింది. వీళ్ళు కూడా "మాది మాకే" అంటే పాలకులు కోరుకున్నది అదే కదా? నూసాస్‌ను కాలు పెట్టనివ్వని క్యాంపస్‌లలో మొదట్లో సాసోను ఊరుకున్నారు. అది ఊరికే జరిగిందంటారా?

పాతడైరీ:
1967 వదిలేసి 1969 గురించి మాట్లాడితే ఎలాగండీ? ఆ ఏడాది జూలైలో గ్రాహమ్స్‌టౌన్‌లోని రోడ్స్ విశ్వవిద్యాలయంలో నూసాస్ మహాసభ జరిగింది. నల్లజాతి ప్రతినిధులు తమ హాస్టళ్ళలో ఉండటానికి వీల్లేదని విశ్వవిద్యాలయం చెప్పేసింది. తెల్ల ప్రతినిధులు క్యాంపస్‌లో, వీళ్ళు ఊరి అవతల నల్లవాళ్ళ పేటలోని చర్చి హాల్లో. సభ ఆపేద్దాం, అందరూ కలిసి ఉండగలిగే చోటే పెట్టుకుందాం అని బికో తీర్మానం పెట్టాడు. ఓడిపోయింది. రోడ్స్‌ను ఖండిస్తూ మాట్లాడటానికి అందరూ సిద్ధమే, సభ ఆపడానికి మాత్రం చేతులు లేవలేదు.

బికో చదివే మెడికల్ స్కూల్ సంగతి కూడా చూడండి. 1951లో ఆఫ్రికన్, భారతీయ, మిశ్రమజాతి విద్యార్థుల కోసమే తెరిచారు. వాళ్ళ హాస్టల్ డర్బన్‌లో చమురు శుద్ధి కర్మాగారం పక్కన, వెంట్‌వర్త్‌లో. విశ్వవిద్యాలయం పేరు ఒకటే, బతుకులు మాత్రం రెండు.

వైజాగ్ శ్రీను:
ఒక్క సభలో పడకల గొడవకి జాతీయ సంఘాన్నే చీల్చేస్తారా బ్రదర్? నూసాస్ వాళ్ళు ఖాళీగా కూర్చోలేదు. రాబర్ట్ కెనెడీని దక్షిణాఫ్రికాకు పిలిచింది వాళ్ళే. ఆయన 1966 జూన్‌లో వచ్చేసరికి, పిలిచిన నూసాస్ అధ్యక్షుడు ఇయాన్ రాబర్ట్‌సన్ మీద ప్రభుత్వం నిషేధాజ్ఞ (తిరగకుండా, సభల్లో పాల్గొనకుండా కట్టడి) పెట్టేసింది. దెబ్బలు తిన్నవాళ్ళనే "మీరు మాకొద్దు" అనడం నాకు మింగుడు పడదు.

పాతడైరీ:
పడకలు కాదు శ్రీనూ, లెక్క. దేశంలో నల్లవాళ్ళు అత్యధికులు. కానీ విశ్వవిద్యాలయాల్లో సీట్లు తెల్లవాళ్ళవి కాబట్టి నూసాస్ ఓటింగ్‌లో నల్లవాళ్ళెప్పుడూ మైనారిటీయే. ఏ తీర్మానం పెట్టినా రోడ్స్‌లో జరిగిందే మళ్ళీ జరుగుతుంది. అయినా సాసో పెట్టిన రోజే తెగతెంపులు చేసుకోలేదు. నూసాస్‌ను జాతీయ సంఘంగా ఒప్పుకుంటూనే మొదలుపెట్టారు, 1970లో గానీ ఆ గుర్తింపు వెనక్కి తీసుకోలేదు.

చందు_వరంగల్:
ఇది అచ్చం మన గొడవలానే ఉందే! 1993లో హెచ్‌సీయూలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మొదలైంది. "వేరే సంఘం ఎందుకు, మాతో కలవొచ్చుగా" అని లెఫ్ట్ వాళ్ళు అడగడం నేను చదివిన రోజుల్లో కూడా విన్నా.

ఉమ:
చందూ, పోలిక ఉంది గానీ దానికి వేరే థ్రెడ్ పెట్టు, లేదంటే ఇది అక్కడే ఆగిపోతుంది.

కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్నలో ఒక ముఖ్యమైన సంగతి జారిపోయింది. సాసో ఆఫ్రికన్ల సంఘం కాదు. "శ్వేతేతరులు" అన్న సర్కారు మాటను 1970లో పక్కన పెట్టి, చట్టం వల్లో ఆచారం వల్లో అణచివేతకు గురై, కలిసి పోరాడటానికి సిద్ధపడ్డ వాళ్ళందరూ నల్లవాళ్ళే అన్నారు. అందులో భారతీయులూ, మిశ్రమజాతి వాళ్ళూ ఉన్నారు. శాథ్స్ కూపర్, స్ట్రిని మూడ్లీ ఇద్దరూ భారతీయ సంతతివాళ్ళే, ఉద్యమంలో ముందు వరుసలో ఉన్నవాళ్ళే. 1860 నుంచి 1911 దాకా సుమారు లక్షన్నర మంది కూలీలు నేటాల్ చెరకు తోటలకు వెళ్ళారు, ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. వాళ్ళలో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్ళూ చాలామందే. ప్రభుత్వం ముక్కలు చేసినవాళ్ళను సాసో ఒక్కచోట కూర్చోబెట్టింది. ఇది వర్ణవివక్షకు నకలు ఎలా అవుతుంది?

వైజాగ్ శ్రీను:
కాగితం మీద బాగానే ఉంది ఉమగారూ. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య అల్లర్లు జరిగి 142 మంది చనిపోయారు. ఆ భయం ఇళ్ళలో ఇంకా ఉంది. 1971లో మళ్ళీ లేచిన నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ తన పేరూ తన దారీ వదులుకోలేదు. మ్యానిఫెస్టోలో "మనమంతా ఒకటే" అని రాసినంత మాత్రాన జనం ఒకటైపోతారా?

ఉమ:
జనం సంగతి వేరు. కానీ 1974లో మొజాంబిక్‌లో పోర్చుగల్ పాలన మీద పోరాడిన ఫ్రెలిమో గెలుపును పండగ చేసుకుంటూ సాసో సభలు పెట్టాక పట్టుకుపోయిన వాళ్ళ జాబితా చూడండి. విచారణ ఎదుర్కొన్న 9 మందిలో కూపర్, మూడ్లీ ఉన్నారు. 1976 డిసెంబరులో శిక్షలు వేసి అందర్నీ రాబెన్ దీవి జైలుకు పంపారు. అక్కడికి వెళ్ళింది కాగితం కాదుగా.

చందు_వరంగల్:
సరే, టాపిక్‌లోకే వస్తా. చివరికి సాధించిందేంటి?

పాతడైరీ:
ఒకే ఒక్క మనిషి కథ చెప్తా. టర్ఫ్‌లూప్‌లో 1972 ఏప్రిల్ 29న స్నాతకోత్సవం. విద్యార్థుల తరఫున ఒంగ్కొపోత్సే టీరో మాట్లాడాడు. నల్లవాళ్ళ విశ్వవిద్యాలయం అంటారు, ముందు వరుసల్లో తెల్లవాళ్ళు కూర్చుంటారు, మా తల్లిదండ్రులు బయట నిలబడతారు, ఇదెక్కడి న్యాయం అని ముఖం మీదే అడిగాడు. కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. దానికి నిరసనగా నల్లజాతి క్యాంపస్‌లలో తరగతుల బహిష్కరణ. ఆ టీరోయే తర్వాత జోహన్నెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ళ పేట సొవెటోలోని మోరిస్ ఐజాక్‌సన్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. 1976 జూన్ 16న సొవెటో బడి పిల్లల తిరుగుబాటులో ఊరేగింపుగా బయల్దేరిన బడుల్లో అదొకటి. టీరో అది చూడలేదు. 1974 ఫిబ్రవరి 1న బోట్స్‌వానాలో పార్శిల్ బాంబుతో చంపేశారు.

కాలేజీ కుర్రాళ్ళ నుంచి బడి పిల్లల దాకా ఈ ధైర్యం పాకిన దారి ఇది. నూసాస్‌లో ఉండి ఉంటే టీరో అలా మాట్లాడేవాడు కాదని నా అభిప్రాయం. రుజువు చూపించమంటే చూపించలేను.

వైజాగ్ శ్రీను:
నాయకులంతా 1973 మార్చిలోనే నిషేధాల పాలయ్యారు. బికోను కింగ్ విలియమ్స్ టౌన్ దాటనివ్వలేదు. 1977 సెప్టెంబరులో కస్టడీలో చంపేశారు, అక్టోబరు 19న సాసోనే నిషేధించారు. ఇంకో మాట. 1973 డర్బన్ కార్మికుల సమ్మెలకు ముందు కూలి రేట్ల లెక్కలు తీసి కార్మికుల్లోకి వెళ్ళింది నూసాస్ తెల్ల పిల్లల వేతన కమిషన్లు!

ఉమ:
ఆ కమిషన్లు ఎప్పుడు మొదలయ్యాయి? 1971లో. అంటే సాసో వెళ్ళిపోయాక. నల్లవాళ్ళ తరఫున మాట్లాడే పని పోయాకే కదా నూసాస్ వాళ్ళకు మనమేం చేయాలి అన్న ఆలోచన వచ్చింది!

కృష్ణాతీరం:
నూసాస్‌ను వదలడం వరకు ఒప్పుకుంటున్నా. ఆ ఓట్ల లెక్కకు నా దగ్గర జవాబు లేదు. కానీ 1972లో సాసో అధ్యక్షుడు టెంబా సోనో, బంటుస్తాన్ (తెగల పేరుతో ప్రభుత్వం విడగొట్టిన ప్రాంతాలు) నాయకులతోనూ మాట్లాడాలి అన్నందుకు ఆయన్నే సంఘం నుంచి గెంటేశారు. తెల్లవాళ్ళు మా మాట వినడం లేదని బయటికొచ్చినవాళ్ళు సొంత అధ్యక్షుడి మాట కూడా వినలేదు. దీనికేమంటారు?

ఉమ:
ఆ నాయకులు ప్రభుత్వం గీసిన గీతల్లోనే కుర్చీలు వేసుకున్నవాళ్ళు. 1976 అక్టోబరులో ట్రాన్స్‌కై అనే బంటుస్తాన్ "స్వాతంత్ర్యం" తీసుకుంటే ఐక్యరాజ్యసమితిలో ఒక్క దేశం గుర్తించలేదు, దక్షిణాఫ్రికా తప్ప. కాబట్టి సాసో భయంలో అర్థముంది. గెంటేసిన తీరు మాత్రం నాకూ నచ్చలేదు. ఇంకో రోజు వాదించి, ఓటుతో ఓడిస్తే సరిపోయేది.