కరెంటూ బంకూ లేని ఏడాదికి ఏ బండి?

భీమిలి గాలి: హుద్‌హుద్ తుపాను (2014 అక్టోబర్ 12) తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. బంకుల దగ్గర క్యూలు చూసినవాళ్ళకి గుర్తుంటుంది. అదే ఏడాది పాటు సాగితే? పెట్రోలు రాదు, షెడ్డు తెరవరు, పార్టులు దొరకవు. ఒక్కటే బండి కొనాలి. ఏది?

పాత జీపు: ఇందులో చర్చేముంది? పాత మహీంద్రా డీజిల్ జీపు. పంపు, నాజిళ్ళు అన్నీ మెకానికల్. బ్యాటరీ చచ్చినా పల్లంలో తోస్తే లేస్తుంది. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్, తేమ పీల్చుకుని నెలల్లో పాడవుతుంది. డీజిల్ డ్రమ్ముకి మూత బిగించి నీడన పెడితే ఏడాది దాకా ఢోకా లేదు. అదీ అయిపోతే కానుగ నూనె.

కిక్కు రాడ్డు: జీపు లీటరుకి పది పన్నెండు ఇస్తే గొప్ప. నా పాత స్ప్లెండర్ అరవై ఇస్తుంది. కార్బురేటర్ బండి, బ్యాటరీ లేకపోయినా కిక్కుకి లేస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బళ్ళు మాత్రం వద్దు. బ్యాటరీ పూర్తిగా పోతే పెట్రోలు పంపు తిరగదు, కాలు నొప్పే మిగులుతుంది.

మిద్దె సోలార్: ఇంకా నూనెలేనా? ఎలక్ట్రిక్ స్కూటర్ కొనండి. 3 యూనిట్ల బ్యాటరీ. ఎండ బాగుంటే కిలోవాటు ప్యానెళ్ళు ఒక్క రోజులో నింపేస్తాయి.

కిక్కు రాడ్డు: మీ ఇన్వర్టర్ గ్రిడ్డుకి కట్టిందేనా? లైను పోతే అదీ ఆగిపోతుంది గురూ. లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా పెడతారు.

మిద్దె సోలార్: మాది హైబ్రిడ్డు, లైను పోయినా బ్యాటరీతో నడిచేది. అనుకుంటా.

కిక్కు రాడ్డు: హైబ్రిడ్డా? అనుకుంటారా?

ఎడ్లబండి: జీపు బాబాయ్, పచ్చి కానుగ నూనె చిక్కన. నాజిళ్ళకి మసి పట్టేస్తుంది. మా నాన్న పంపుసెట్టుకి సగం డీజిల్ కలిపే పోసేవాడు. ఎద్దులకైతే గడ్డివాము చాలు, ఇరుసుకి కాస్త కందెన.

పాత జీపు: ఎద్దుల మీద ఆసుపత్రికి వెళ్ళి చూపించు.

కిక్కు రాడ్డు: ఆసుపత్రి మాట మీరు ఎత్తకండి. హుద్‌హుద్ రాత్రి మా అమ్మకి ఆయాసం. నెబ్యులైజర్‌కి కరెంటు లేదు. మా వీధిలో జీపుంది, గేటుకి తాళం. తెల్లారాక పడిపోయిన చెట్ల కొమ్మల కింద నుంచి స్ప్లెండర్ని వంచి దాటించి, అమ్మని వెనక నడిపించి, మళ్ళీ ఎక్కించుకుని తీసుకెళ్ళా.

పాత జీపు: తాళం వేసింది మనిషి. జీపునెందుకు తిడతావ్?

కిక్కు రాడ్డు: మీరు తీస్తారా తాళం? డ్రమ్ములో సగం అయిపోయాక?

పాత జీపు: మా ఇంట్లో తొమ్మిదిమంది. అందర్నీ ఎక్కించుకుని పాడేరు దగ్గర మా ఊరెళ్ళిపోవాలి. జీపు అందుకే. వీధి మొత్తానికి తోలతానని నేనెక్కడన్నాను?

కిక్కు రాడ్డు: అలా చెప్పండి మరి. పొద్దుటి నుంచి ఎందుకు కొట్టుకుంటున్నాం? మేం ఎక్కడికీ వెళ్ళం. ఇక్కడే ఉండాలి.

భీమిలి గాలి: నేనడిగిందీ ఉండటానికే. ఏడాది అన్నాను కదా.

పాత జీపు: మొదటి పోస్టులో ‘ఉండటానికి’ అనే మాటే లేదు. చూసుకోండి.

మిద్దె సోలార్: ఇన్‌స్టాల్ చేసినతనికి ఫోన్ చేశా. మాది గ్రిడ్డుదేనట.