సర్జరీ పీజీలకు నైట్ డ్యూటీలు ఎలా వేస్తున్నారు?

అందరికీ నమస్కారం. ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో జనరల్ సర్జరీ మూడో సంవత్సరం పీజీని. వచ్చే నెల నుంచి డ్యూటీ చార్ట్ వేసే పని నాకు అప్పగించారు.

ఇప్పుడు మా యూనిట్‌కి అడ్మిషన్ డే (కొత్త కేసులన్నీ మా యూనిట్‌లోనే చేర్చుకునే రోజు) వస్తే ఉదయం నుంచి మర్నాడు ఉదయం దాకా 24 గంటల డ్యూటీ. క్యాజువాలిటీలో రాత్రంతా పర్ఫొరేషన్లు (పేగుకో, కడుపుకో రంధ్రం పడిన కేసులు), యాక్సిడెంట్ కేసులు చూసి, పొద్దున్నే రౌండ్స్, వెంటనే ఓటీ (ఆపరేషన్ థియేటర్). ఫస్టియర్ పిల్లలు ఆపరేషన్‌లో కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకునే నిద్రలోకి జారుకుంటున్నారు. పేషెంట్‌కీ, వాళ్లకీ ఇది ప్రమాదమే. 1992 నాటి కేంద్ర ఉత్తర్వుల్లో ఏకధాటి డ్యూటీ మామూలుగా రోజుకి 12 గంటలు మించొద్దని ఉంది. ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2023 పీజీ నిబంధనల్లో మాత్రం 'సహేతుకమైన పని గంటలు' అని వదిలేశారు, అంకె లేదు.

అమెరికాలోలా నైట్ ఫ్లోట్ పెడదామనుకుంటున్నాను. అంటే ఒక పీజీ వరుసగా వారం రాత్రులే చేసి, పగలు పూర్తిగా ఖాళీగా ఉండటం. కానీ ఆ వారం ఎలెక్టివ్ కేసులు (పగలు ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లు) పోతాయని, చేసిన, చూసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ నిండదని జూనియర్లే భయపడుతున్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. పైగా పొద్దున హ్యాండోవర్ (పేషెంట్ల వివరాలు తర్వాతి డ్యూటీవాళ్లకు అప్పగించడం) సరిగా జరగకపోతే డ్రెయిన్ అవుట్‌పుట్ (ఆపరేషన్ తర్వాత పెట్టిన గొట్టంలోంచి వచ్చే ద్రవం) లాంటివి ఎవరూ చూడరు.

ఒక్కో యూనిట్‌లో నలుగురైదుగురే పీజీలున్న చోట దీన్ని నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రెండు యూనిట్ల పీజీలను రాత్రికి కలిపారా? ప్రొఫెసర్లను ఎలా ఒప్పించారు? మీ చార్ట్ ఎలా ఉండేదో వివరంగా రాస్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు.