విక్టోరియా కాలం నాటి పిచ్చాసుపత్రులు: జాలితో కట్టినవా, పేదవాళ్లని కంటికి కనబడకుండా చేయడానికి కట్టినవా?

తూర్పు_గాలి:
చిన్నప్పుడు అల్లరి ఎక్కువైతే మా మామయ్య "వీణ్ని ఎర్రగడ్డలో పడేయాలి" అనేవాడు. విశాఖ వైపు అదే మాట వాల్తేరు పేరుతో అంటారు. పిచ్చాసుపత్రి అంటే వైద్యం కన్నా ముందు "పడేయడం" గుర్తొస్తుంది మనకి. ఈ పడేసే పద్ధతి ఎక్కడ పెరిగిందా అని ఇంగ్లండ్ చరిత్ర చదువుతుంటే నాకు అర్థమైంది ఇది.

1845లో అక్కడ చట్టం చేశారు, ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) తన పేద రోగుల కోసం ఆసుపత్రి కట్టి తీరాలని. 1850లో అలాంటివి 24, వాటిలో ఉన్నవాళ్లు 7,140 మంది. 1900 నాటికి ఆసుపత్రులు 77, లోపల 74,004 మంది. అంటే పది రెట్లు. అదే యాభై ఏళ్లలో జనాభా రెండింతలు కూడా కాలేదు. అంత మందికి ఒక్కసారిగా మతి పోయిందా? పైగా పేదవాణ్ని లోపల వేయడానికి ఒక్క డాక్టర్ సర్టిఫికెట్, మేజిస్ట్రేట్ సంతకం ఉంటే చాలు. డబ్బున్నవాళ్లకైతే ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి. ఫ్యాక్టరీలో పనికిరానివాళ్లని, ఇంటికి భారమైనవాళ్లని గోడ వెనక్కి తోసేయడమే ఇది, జాలి అన్నది బోర్డు మీద రాసుకోవడానికి. కాదంటే చెప్పండి.

పాత_కాగితాలు:
కాదంటున్నా. అంతకు ముందు ఏముందో చూడకుండా దాన్ని తిడితే ఎలా అండి?

1814లో లండన్ బెత్లెం ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లినవాళ్లకి జేమ్స్ నోరిస్ అనే మనిషి కనిపించాడు. మెడకి ఇనప పట్టీ, దాని గొలుసు గోడ పక్కన నిలువుగా పాతిన ఇనప కడ్డీకి, నడుము చుట్టూ, భుజాల మీదుగా ఇంకో ఇనప పట్టీ, చేతులు ఒంటికి ఆనించి బిగించేశారు. మంచం మీద లేచి నిలబడటం, వెల్లకిలా పడుకోవడం, అంతే కుదిరేది. పది ఏళ్ల దాకా అలాగే ఉన్నాడు. ఆ బొమ్మ గీయించి బయటపెడితే దేశం ఉలిక్కిపడింది, 1815లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. అంతకు ముందే 1790లో యార్క్ ఆసుపత్రిలో హన్నా మిల్స్ అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) ఆవిడ చేరిన కొన్ని వారాలకే చనిపోతే, టీ వ్యాపారి విలియం ట్యూక్ ఆ బాధతో పూనుకుని 1796లో రిట్రీట్ అని వేరే ఇల్లు తెరిపించాడు. అక్కడ కొట్టడం లేదు, గొలుసుల్లేవు. తోటపని, కుట్టుపని, టేబుల్ దగ్గర మనుషుల్లా కూర్చుని టీ తాగడం.

1839లో జాన్ కొనలీ అనే డాక్టర్ లండన్ దగ్గరి హాన్‌వెల్ కౌంటీ ఆసుపత్రికి వచ్చేసరికి అక్కడ దాదాపు 800 మంది రోగులు. కొన్ని నెలల్లోనే కట్టేసే కుర్చీలు, తోలు పట్టీలు, చేతులు బిగించే చొక్కాలు మొత్తం ఆపించేశాడు. సొంత పొలం, లాండ్రీ, చెప్పులు కుట్టే షెడ్డు, ఆఖరికి సొంతంగా బీరు కాచుకునే చోటు కూడా ఉండేది అక్కడ. పడేయడానికైతే ఇవన్నీ దేనికి బ్రదర్?

తూర్పు_గాలి:
@పాత_కాగితాలు గారూ, నోరిస్ సంగతి ఒప్పుకుంటా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కొనలీ గొలుసులు తీసి ఏం పెట్టాడు? మెత్తలు కొట్టిన ఒంటరి గది. ట్యూక్ ఇల్లు 30 మంది కోసం మొదలైంది, అక్కడ టీ టేబుల్ కుదురుతుంది. 1851లో లండన్ దగ్గర తెరిచిన కాల్నీ హాచ్ ఆసుపత్రి చూడండి. 1,250 మంది కోసం కట్టారు, బయటినుంచి ఇటలీ రాజభవనంలా ఉంటుంది, లోపల వసారాలన్నీ కలిపితే మైళ్ల పొడవు. తర్వాత ఆ అంకె రెండు వేలు దాటింది. సూపరింటెండెంట్ ఎవరి పేరు గుర్తుపెట్టుకుంటాడు? 1903 జనవరిలో అక్కడి తాత్కాలిక చెక్క షెడ్డుకి నిప్పంటుకుని యాభై మందికి పైగా ఆడవాళ్లు కాలిపోయారు. చెక్క షెడ్డు ఎందుకొచ్చింది? పక్కా గదులు చాలక.

లెక్కల_మాస్టారు:
మీరిద్దరూ మనసుల సంగతి మాట్లాడుతున్నారు, జాలి ఉందా లేదా అని. నేను పద్దు పుస్తకం చూద్దామంటాను.

ఆ రోజుల్లో దిక్కులేనివాళ్లకి వర్క్‌హౌస్ ఉండేది, అంటే పని చేయించుకుని తిండి పెట్టే ఇల్లు. దాని ఖర్చు స్థానికంగా పన్ను కట్టేవాళ్లది. మతి స్థిమితం లేని పేదవాణ్ని అందులో ఉంచితే చౌక, కౌంటీ ఆసుపత్రికి పంపితే ఖరీదు. అందుకని నెమ్మదస్తులైన ముసలివాళ్లని, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లని వర్క్‌హౌస్‌లోనే ఒక మూల ఉంచేవారు. 1874లో కేంద్ర ప్రభుత్వం మంచి చేద్దామనుకుని ఒక పని చేసింది. ఆసుపత్రిలో ఉన్న ఒక్కో పేద రోగికి వారానికి 4 షిల్లింగులు మేమిస్తామంది. ఇంకేముంది! నిన్నటిదాకా ఖరీదైన ఆసుపత్రి ఇవాళ స్థానిక పద్దులో వర్క్‌హౌస్‌తో ఇంచుమించు సమానమైంది. ఆ మూలనున్న ముసలమ్మ బండెక్కింది. ఆవిడకి కొత్తగా జబ్బేం రాలేదు, ఆవిడ పేరు ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మారిందంతే.

రెండోది, నీళ్ల ట్యాంకు లెక్క. ఉదాహరణకి ఏటా వంద మంది చేరారు, డెబ్భై మంది నయమయ్యో చనిపోయో వెళ్లిపోయారు అనుకోండి. మిగిలింది 30. పదేళ్లకి 300. వైద్యం ఏమీ చెడిపోకుండానే ఆసుపత్రి నిండిపోతుంది. నయమై ఇంటికెళ్లేవాళ్లు నిజంగానే ఉండేవాళ్లు, చేరినవాళ్లలో మూడో వంతు అటూఇటూ. ప్రసవం తర్వాత మతి తప్పిన బాలింతలైతే కొన్ని నెలల్లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయేవారు. వాళ్లు ఎవరికీ గుర్తుండరు, వెళ్లిపోయారు కాబట్టి.

ఇక మిగిలినవాళ్లలో మూర్ఛ రోగులు, ముసలితనపు మతిమరుపు, ఇంకా ఆ కాలపు భయంకరమైన జబ్బు ఒకటి. నలభై ఏళ్ల మగవాడు హఠాత్తుగా నాకు కోట్లున్నాయి, నేనే రాజుని అంటాడు, ఆ తర్వాత మాట తడబడుతుంది, కాళ్లు పడిపోతాయి, కొన్నేళ్లలో పోతాడు. పక్షవాతంతో కలిసిన పిచ్చి అనేవారు. అది మెదడుకెక్కిన సిఫిలిస్ అని తిరుగులేకుండా తేలింది 1913లో, జపాన్ శాస్త్రవేత్త నొగుచి అలా చనిపోయినవాళ్ల మెదడులో ఆ క్రిమిని చూపించినప్పుడు. దానికి కొనలీ ఏం చేస్తాడు, టీ ఏం చేస్తుంది?

విశాఖ_సిస్టర్:
మాస్టారు చెప్పిన బండెక్కిన ముసలమ్మ దగ్గర ఆగిపోయాను. నేను మానసిక వైద్య వార్డుల్లో పద్దెనిమిదేళ్లు చేశాను, ఏ ఆసుపత్రో వద్దులెండి. నయమయ్యాక డిశ్చార్జ్ కాగితం పట్టుకుని అడ్రస్‌కి ఫోన్ చేస్తే "ఆ నంబర్ మాది కాదు" అనేవాళ్లు. ఒకావిడ్ని మేమే తీసుకెళ్లాం. ఇంటి దగ్గర తమ్ముడు మంచినీళ్లిచ్చాడు, టీ ఇచ్చాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు, లోపలికి మాత్రం రమ్మనలేదు. గుమ్మంలో కూర్చుని ఆవిడ చీర కొంగు మడతలు పెడుతూ ఉంది, విప్పి మళ్లీ మడతలు. సాయంత్రానికి మాతోనే వచ్చేసింది.

అలాగని తూర్పు_గాలి తమ్ముడూ, ఆసుపత్రే లేకపోతే బాగుండేది అని మాత్రం అనకు. 2001లో తమిళనాడు ఎర్వాడిలో ఏం జరిగింది? దర్గా దగ్గర ఒక ప్రైవేటు షెడ్డులో గొలుసులతో కట్టేసినవాళ్లు మంటల్లో లేచి పరిగెత్తలేక 28 మంది పోయారు. అది విక్టోరియా కాలం కాదు, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో.

గోదారి_గట్టు:
ఇంగ్లిష్ కవి జాన్ క్లేర్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? వ్యవసాయ కూలీ, పేదవాడు. 1841లో ఎసెక్స్‌లోని ఆశ్రమం నుంచి తప్పించుకుని దాదాపు 80 మైళ్లు నడిచి ఇంటికి చేరాడు, దారిలో ఆకలికి రోడ్డు పక్క గడ్డి తిన్నాడు. ఆ ఏడాది చివర్లోనే నార్తాంప్టన్ ఆసుపత్రికి పంపించేశారు, 1864లో చనిపోయేదాకా అక్కడే. ఇదేం జాలి అండి?

పాత_కాగితాలు:
@గోదారి_గట్టు చిన్న సవరణ. ఎసెక్స్‌ది ప్రైవేటు, నార్తాంప్టన్‌ది చందాలతో కట్టింది, రెండూ కౌంటీ ఆసుపత్రులు కావు. నార్తాంప్టన్‌లో ఆయన్ని చాలా ఏళ్లు ఊళ్లోకి వెళ్లనిచ్చేవారు. ఆల్ సెయింట్స్ చర్చి ముందు వసారాలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూస్తూ, అడిగినవాళ్లకి పద్యాలు రాసిచ్చేవాడు. అయినా ఇంటికి పంపలేదు, అది నిజమే.

ఈ చట్టాలు మన దాకా కూడా వచ్చాయి. 1858లో ఇండియాకి పిచ్చాసుపత్రుల చట్టం చేశారు, 1871లో మద్రాసు కిల్పాక్ ఆసుపత్రి తెరిచారు, అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే.

తూర్పు_గాలి:
మాస్టారూ, 4 షిల్లింగుల సంగతి నాకు తెలీదు, పోస్టు మొదట్లో వేసిన పది రెట్ల లెక్క దాని వల్ల కొంత పలచబడింది, ఒప్పుకుంటున్నా. కానీ చూడండి, మీ లెక్కలో కూడా ముసలమ్మని ఎవరూ అడగలేదు, ఏ పద్దులో ఉంటావని. సిస్టర్ గారూ, ఆసుపత్రి వద్దని నేను అనలేదు, అన్నట్టు వినిపించి ఉంటే సారీ. ఇంతకీ ఆవిడ తర్వాత ఏమయ్యారు?

విశాఖ_సిస్టర్:
నేను బదిలీ అయ్యేనాటికి వార్డులోనే ఉంది. కొత్తగా చేరినవాళ్లకి అన్నం తినిపించేది. మేం చెప్పకుండానే.