కప్ప వేసితినా, తాళం వేసితినా? (గొళ్ళెం మరిచిన మాట మాత్రం ఖాయం)

కావలి చిన్నమ్మి: సామెత ఒకటి సగమే గుర్తొచ్చి నస పెడుతోంది. "...వేసితిని, గొళ్ళెం మరిచితిని." ముందున్నది తాళమా, బీగమా, కప్పా? అమ్మమ్మ "కప్ప వేసితిని" అనేదని నాకు లీలగా గుర్తు (కప్ప అన్నా తాళమే). అమ్మేమో కాదు తాళమే అంటోంది. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా ఇంట్లో పిల్లకాయలు జియోకాషింగ్ పిచ్చిలో పడ్డారు. డబ్బా ఒకటి ఎక్కడో దాచి దాని అక్షాంశం, రేఖాంశం నెట్‌లో పెడతారు. ఎవరో జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, లోపలి పుస్తకంలో పేరు రాసి, ఉన్నచోటే పెట్టేసి పోవాలి. దానికి మూడంకెల తాళం వేసి, ఆ అంకెల్ని పొడుపుకథలో దాచాలని వీళ్ళ ఆలోచన. టిఫిన్ డబ్బా తెచ్చారు, తాళం తెచ్చారు. ఆ తాళం తగిలించేదానికి డబ్బాకి ఏమీ లేదు!

పెన్న గట్టు: తాళమే. "తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని." ఇందులో చర్చకేముంది?

కందుకూరు మాష్టారు: అంత తేలిగ్గా తేల్చేయకండి. పాత తలుపు చూసినవాళ్ళకి తెలుస్తుంది. గొళ్ళెం అంటే తలుపుకు వేలాడే గొలుసు. దాన్ని ద్వారబంధం మీదున్న కొండికి తగిలించి, ఆ కొండిలో కప్ప దూర్చి నొక్కాలి. గొలుసు తగిలించకుండా ఉత్త కొండికే కప్ప వేశారనుకోండి, కప్ప పడుతుంది, తలుపు తెరిచే ఉంటుంది. సామెతలో ఉన్న తమాషా అదే. కాబట్టి వేసింది కప్ప. అమ్మమ్మగారి పాఠమే సాధువు. పనిలో పని, మరిచితిని కాదు, మఱచితిని. బండి ఱ.

పెన్న గట్టు: మాష్టారూ, వంటింట్లో పుట్టిన సామెతకు బండి ఱ ఎవరు తొక్కారండీ?

కందుకూరు మాష్టారు: తిక్కనగారి జిల్లావాళ్ళు అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

చెన్నైలో నెల్లూరోడు: మీ ఇద్దరికీ ఒక మాట. తమిళంలో తాళ్ అంటే గడియ. తిరుక్కురళ్ 71వ కురళ్ చూడండి, "అన్బిఱ్కుం ఉండో అడైక్కుం తాళ్", ప్రేమను మూసిపెట్టే గడియ ఉంటుందా అని. మన తాళం కూడా మొదట్లో గడియేనని నా అనుమానం. అప్పుడు అర్థం ఇంకోటవుతుంది. లోపలివైపు గడియ వేసి బయటివైపు గొళ్ళెం మరిచాడన్నమాట.

పెన్న గట్టు: లోపల గడియ వేసినవాడు బయట గొళ్ళెం ఎట్టా పెడతాడు సామీ? గోడ దూకా?

ఒంగోలు గిత్త: 😀 దానికంటే పెద్ద చిక్కుంది. ఆ తమిళ మాటలో ఉన్నది మన ళ కాదు, 'తమిళ్' చివరుండే ఴ. ఆ ఴ తెలుగులో డ అవుతుంది. కోఴి మనకు కోడి, ఏఴు మనకు ఏడు. ఆ లెక్కన తాఴ్ మనకు 'తాడు' కావాలి. చిన్నమ్మిగారు డబ్బాకి తాడు కట్టుకోవచ్చు.

చెన్నైలో నెల్లూరోడు: అరువు మాటకు ఆ సూత్రం వర్తించదన్నా.

ఒంగోలు గిత్త: అరువైతే సంస్కృతంలో తాలకం ఉంది కదా, మదరాసు దాకా పోవడమెందుకు? సరే, నా అసలు సందేహం కప్ప. తాళానికి ఆ పేరెందుకు? గొంతుక్కూర్చున్న కప్పలా ఉంటుందనా, లేక కప్పు అనే క్రియనుంచి వచ్చిందా? నా ఓటు రెండోదానికి. మూసేది, కప్పేది, కప్ప.

కందుకూరు మాష్టారు: తిప్పు నుంచి తిప్ప వచ్చిందా? మన సముద్రం ఒడ్డున అన్ని తిప్పలున్నాయి, ఒక్కటీ తిరగడం నేను చూళ్ళేదు. కప్ప అంటే కప్పే. కింద బొజ్జ, పైన వంగిన కాళ్ళు.

ఒంగోలు గిత్త: మరి ఆ కప్పకు చెవి ఎక్కడిది?

చెన్నైలో నెల్లూరోడు: ఇక్కడ మాత్రం నన్ను చెప్పనివ్వండి. తమిళంలో చావి, హిందీలో చాబీ. రెండిటికీ మూలం పోర్చుగీసు వాళ్ళ 'చావె'. అది మన నోట్లో పడి చెవి అయివుంటుంది. మనిషి చెవికీ దీనికీ సంబంధం లేదు.

ఉలవపాడు సపోటా: మా ఇంట్లో తాళం చెయ్యి అనేవాళ్ళు. బహువచనంలో తాళం చేతులు. ఇది పోర్చుగీసులో ఎవరికి చుట్టం?

మైపాడు ఉప్పుగాలి: అందరూ పండితులే, ఆ అమ్మి డబ్బా సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. అమ్మా, ప్లాస్టిక్ డబ్బాకి చిల్లి పెట్టి గొళ్ళెం బిగించబాకు, నీళ్ళు దిగుతాయి. నాలుగు పక్కలా నొక్కే మూత, మూత లోపల రబ్బరు ఉన్న డబ్బా బయటికి. దానిలోపల చిన్న రేకు పెట్టెకో చెక్క పెట్టెకో కొండీ గొళ్ళెం పెట్టి తాళం వెయ్యి. సముద్రం పక్కనైతే ఇనుప తాళం ఒక్క వానాకాలానికే బిగుసుకుపోతుంది, ఇత్తడిది తీసుకో. నూనె పొయ్యొద్దు, ఇసక పట్టేస్తుంది. పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి వెయ్యి. పుస్తకంతో పాటు పెన్సిలే పెట్టు, తేమకి పెన్ను సిరా అలుక్కుపోతుంది.

కావలి చిన్నమ్మి: అన్నా, నువ్వు దేవుడివి. ఇంకా చిన్నది కావాలంటే?

మైపాడు ఉప్పుగాలి: పాత కెమెరా రీలు డబ్బాలు ఈ ఆటలో బాగా వాడతారు. మర మూత ఉన్న అల్యూమినియం గొట్టాలు కూడా దొరుకుతాయి.

ఉలవపాడు సపోటా: గొట్టమెందుకు, తాయెత్తు ఉంది కదా! అదే మర మూత, లోపల చుట్టిన కాయితం. నాయనమ్మ సున్నపు కాయ కూడా పనికొస్తుంది. చూశారా, సున్నపు కాయ, లింగకాయ. మూత ఉన్న బుల్లి డబ్బాను మనవాళ్ళు కాయ అన్నారు. ఈ ఆట డబ్బాకి తెలుగు పేరు 'దాపుడు కాయ' అని నా ప్రతిపాదన.

పెన్న గట్టు: కుంకుమ బరిణె ఉండగా కాయ ఎందుకు?

కందుకూరు మాష్టారు: భరిణె. ఒత్తు.

పెన్న గట్టు: మీ ఒత్తులకి ఓ దండం.

కందుకూరు మాష్టారు: మీరంతా తాళం తాళం అంటున్నారు గానీ, దాచడంలో ఆదిగురువులు పాండవులు. తాళమా? గొళ్ళెమా? జమ్మిచెట్టు మీద ఆయుధాలు మూటగట్టి, పీనుగ అనుకుని ఎవరూ దగ్గరికి రాకుండా చేశారు. ఏడాదంతా కాపలా లేదు. తిక్కన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో. బృహన్నల చెప్తే ఉత్తరుడు చెట్టెక్కి మూట విప్పి, ఈ విల్లెవరిది, ఆ కత్తెవరిదని అడిగే ఘట్టం చదవండి. డబ్బా మూత తీసిన పిల్లవాడి మొహం కనపడుతుంది. ఆ ఆశ్చర్యం ముందు మీ మూడంకెల తాళమెంత?

ఒంగోలు గిత్త: మూలంలో అయితే నిజం శవాన్నే కట్టి, ఇది మా అమ్మ, నూట ఎనభై ఏళ్ళది, మా కులాచారం ఇదీ అని పశువుల కాపర్లకు చెప్పిపోతారు. ఆ అబద్ధమే అసలు తాళం.

మైపాడు ఉప్పుగాలి: ఈ రోజుల్లో ఆ పని చేస్తే పోలీసులొస్తారు. చెట్టుకు వేలాడే మూట, మూలనున్న నల్ల పెట్టె చూస్తే జనానికి బాంబనే అనుమానం. లోపలిది కనపడే డబ్బా పెట్టి, పైన ఇది ఆట డబ్బా అని తెలుగులో రాయండి. స్థలం వాళ్ళనడిగి పెట్టండి, గుడి గోడల్లో, రైలు పట్టాల దగ్గర వద్దు. ఆట నియమాల ప్రకారం గొయ్యి తవ్వి పూడ్చకూడదు. ఇంకొకరి డబ్బాకి 161 మీటర్లైనా దూరముండాలి.

చెన్నైలో నెల్లూరోడు: అన్నట్టు, ఈ ఆటకు మొదటి డబ్బా 2000 మే 3న అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో దాచిన ఓ బక్కెట్టు. అంతకు ఒకట్రెండు రోజుల ముందే అక్కడి ప్రభుత్వం మామూలు జనానికిచ్చే జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పును తీసేసింది. ఆ బక్కెట్టుకూ తాళం లేదు.

కందుకూరు మాష్టారు: నేను చెప్తున్నదీ అదే కదయ్యా. తిక్కనగారి మార్గం.

పెన్న గట్టు: తిక్కన ఒరెగాన్ దాకా పోయాడు. ఇక ఎర్రనని ఎవరన్నా పిలవండి, ఆయనా మాష్టారి వైపు మనిషే.

కందుకూరు మాష్టారు: గుడ్లూరు మనిషి. పేరు చెప్పేటప్పుడు ఊరు కూడా చెప్పాలి.

కావలి చిన్నమ్మి: మాష్టారూ, గిత్తన్నా, మీ పుణ్యమా అని పొడుపుకథ దొరికిపోయింది. "జమ్మిచెట్టు మీది ముసలమ్మకు ఎన్నేళ్ళు?" పిల్లకాయలు ఎగిరి గంతేశారు. తాళానికి 1, 8, 0 పెట్టేశాం. రేపు పొద్దున్నే పోయి పెట్టొస్తాం.

పెన్న గట్టు: అంకెలు గ్రూపులో అందరి ముందూ చెప్పేశావు కదమ్మా, ఇంక తాళమెందుకు?

ఒంగోలు గిత్త: తాళమెందుకు అనకండి. కప్పెందుకు అనండి.