మగ కచిడి వీర్యం బాగుందో లేదో ఎలా తేల్చాలి?

కొత్తపట్నం ల్యాబ్ (ప్రశ్న)

నేను కొత్తపట్నం దగ్గర వనామీ రొయ్యల హేచరీలో ల్యాబ్ పని చేస్తాను. మాది వేటకెళ్లే కుటుంబం. మా బోట్లకు ఎప్పుడన్నా కచిడి చేప పడుతుంది. మగదైతే గాలితిత్తి కోసం లక్షలు పెట్టి కొంటారు. ఆ ధర వల్లే ఈ చేప తరిగిపోతోందని నా బాధ. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇది ముప్పు అంచున ఉన్న వర్గంలో ఉంది. ఎలాగూ అమ్ముడుపోయే మగ చేప నుంచి కొంచెం వీర్యం తీసి పరీక్షించి లెక్కలు రాసిపెడితే, రేపు ఎవరైనా దీన్ని హేచరీలో పుట్టించాలనుకున్నప్పుడు ఉపయోగపడుతుందని నా ఆశ.

ఈ మధ్య ఒడ్డుకొచ్చిన ఒక చేప నుంచి కొద్దిగా తీసుకుని మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒక్క కణం కూడా కదల్లేదు. గిత్తల వీర్యం గడ్డకట్టించే ల్యాబులో పనిచేసి రిటైరైన మా బాబాయి చూసి, ఇది చచ్చిపోయిందిరా అన్నాడు. ఒంగోలు గిత్తదైతే తీసిన వెంటనే అలలు అలలుగా కదులుతుందట. మరి దాంట్లోనే ట్యాంకు నీళ్లు ఒక చుక్క వేస్తే స్లైడంతా ఒక్కసారిగా గిలగిలలాడింది. నేను ఫోకస్ సరిచేసేలోపే నెమ్మదించింది. బతికి ఉన్నట్టా, లేనట్టా? దేన్ని చూసి మంచిది, చెడ్డది అని రాయాలి?

పండుగప్ప హేచరీ

తమ్ముడూ, మీ బాబాయి గిత్తల విషయంలో చెప్పింది నిజమే, కానీ చేపకు ఆ లెక్క పనికిరాదు. చేప ఒంట్లో ఉన్నంతసేపూ కణాలు నిద్రలోనే ఉంటాయి. సముద్రపు చేప వీర్యద్రవం గాఢత, అంటే అందులో కరిగిన ఉప్పులూ మిగతావీ, 300 నుంచి 400 మిల్లీఓస్మోల్ దాకా ఉంటుంది. మీ ట్యాంకు భాషలో చెప్పాలంటే సుమారు 10, 12 పీపీటీ (వెయ్యి పాళ్లలో అన్ని పాళ్ల ఉప్పు) నీళ్లంత. 35 పీపీటీ సముద్రపు నీళ్లు వెయ్యి మిల్లీఓస్మోల్ దాటతాయి. ఒక్కసారిగా ఆ ఉప్పు తగలగానే కణం లేస్తుంది. మంచినీటి చేపల్లో దీనికి తిరగబడి, ఉప్పు తగ్గితే లేస్తాయి. లేచాక తన దగ్గరున్న శక్తి అయిపోయేదాకానే ఈత. అందుకే మొదటి క్షణాలే పరీక్ష. నువ్వు చూసింది బతికున్న వీర్యమే.

ఇక పద్ధతి. పొట్ట కింద, మలద్వారం చుట్టూ శుభ్రంగా తుడిచి ఆరబెట్టు. మొదట వచ్చే చుక్కలు పారెయ్యి, వాటిలో మూత్రం ఉంటుంది. మూత్రం కలిసినా, సముద్రపు నీళ్లు తగిలినా కణాలు ముందే లేచి అలిసిపోతాయి, లేదా దెబ్బతింటాయి. తరువాత వచ్చేది సూది లేని సిరంజితో పీల్చు. దాన్ని నేరుగా నీళ్లలో కలపకు. ముందు 10 పీపీటీ దగ్గరుండే సెలైన్‌లో పలుచన చెయ్యి, కదలకుండానే ఉండాలి. దాంట్లోంచి చిటికెడంత తీసి స్లైడు మీదే సముద్రపు నీళ్లు కలుపు. కణాలు గాజుకు అతుక్కుపోకుండా ఆ నీళ్లలో కొంచెం ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పొడి వెయ్యి. నీళ్లు కలిపిన పదో సెకను నుంచి చూడటం మొదలుపెట్టు. అన్ని చేపలకూ అదే సెకను పాటించాలి, లేకపోతే ఒకదానితో ఒకటి పోల్చలేవు.

చాలామంది కదిలే శాతం ఒక్కటే రాస్తారు. నాకది నచ్చదు. ఉన్నచోటే వణికే కణమూ కదులుతున్నట్టే లెక్కలోకి వస్తుంది, కానీ అది గుడ్డు దాకా వెళ్లదు. ముందుకు ఈదేవి ఎన్ని, ఎంతసేపు ఈదాయి అన్నవి విడిగా రాయి. లెక్కపెట్టడానికి మీ ల్యాబులో ఆల్గేకు వాడే హీమోసైటోమీటరే (గడులున్న లెక్కింపు స్లైడు) చాలు. కాకపోతే వెయ్యి రెట్లకు పైగా పలుచన చెయ్యాలి. సముద్రపు చేపల్లో మిల్లీలీటరుకు వంద కోట్ల కణాలు దాటడం మామూలే. అంత చిక్కగా ఉండి ఒక్కటీ ఈదకపోతే ఆ అంకెతో ఏం చేసుకుంటాం?

జువ్వలదిన్నె బోటు

బాబూ, పొట్ట నొక్కుతానంటే కొనేవాడు ఒప్పుకోడు, తిత్తి పాడవుతుందని భయం. నిజానికి తిత్తి పైన వెన్నెముకను అంటుకుని ఉంటుంది. వెనక రెండు మూడు అంగుళాల మేర మెత్తగా నొక్కితే దానికేమీ కాదు. వేలం మొదలవకముందే ఓనరును అడుగు, పాట మొదలయ్యాక ఎవరూ నీ మాట వినరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం, మా మరబోట్ల నుంచి నీకేమీ రాదు. ఇంకో మాట, చేప ఎప్పుడు వలలో పడింది, ఎప్పుడు చచ్చింది, ఐసులో ఎప్పుడు పెట్టాం అని మమ్మల్ని అడిగి రాసుకో. ఒక్కోసారి ఒడ్డుకొచ్చేసరికి రాత్రంతా గడిచిపోయి ఉంటుంది. మా నాయన కాలంలో ఇవి గుంపులుగా దొరికేవి. నువ్వు చేసే పని నాకు నచ్చింది. మా బోటుకు పడితే ఫోన్ చేస్తా.

ముత్తుకూరు విద్యార్థిని

బోటు అన్న చెప్పిన టైము సంగతి చాలా ముఖ్యం. చనిపోయిన చేపలో కూడా చల్లగా ఉంచితే కణాలు కొన్ని గంటలు బతుకుతాయి, కానీ గంట గంటకూ నాణ్యత పడిపోతుంది. ఆ టైము రాయకపోతే చేప బలహీనమో, ఆలస్యమే కారణమో చెప్పలేం. తీసిన వీర్యాన్ని గొట్టం నిండా పొయ్యకండి. పలుచటి పొరగా, పైన గాలి ఉండేలా వదలండి, అవి కూడా ఊపిరి తీసుకుంటాయి. గొట్టం ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. గిత్తల వీర్యానికి మైక్రోస్కోప్ కింద వాడే వేడి పలక మాత్రం వద్దు, చేప ఉన్న నీటి వేడిమి దగ్గరే చూడాలి.

బాబాయి గారి అనుభవం వేరేచోట పనికొస్తుంది. సముద్రపు చేప వీర్యాన్ని గడ్డకట్టించడం కొత్తదేమీ కాదు. 1953లోనే బ్లాక్స్టర్ అనే శాస్త్రవేత్త హెర్రింగ్ చేపల్లో చేసి చూపించాడు. వసంతంలో గుడ్లు పెట్టేవాటినీ, శరత్తులో పెట్టేవాటినీ కలపాలంటే ఒకదాని వీర్యం దాచక తప్పలేదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ క్యాను, వీర్యం నింపే సన్నటి స్ట్రాలు మీ బాబాయికి తెలిసినవే. కలిపే మందు, చల్లార్చే వేగం మాత్రం కచిడికి కొత్తగా కుదుర్చుకోవాలి. కరిగించాక కూడా ఇదే పరీక్ష, ముందు ఎంత, తరువాత ఎంత అని.

కొత్తపట్నం ల్యాబ్

అక్కా, అన్నలూ, చాలా సంతోషం. బాబాయికి ఇదంతా చదివి వినిపించాను. పాత క్యాను ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కుంటానన్నాడు. ఒక సందేహం. వాయుగుండం వచ్చి వానలు పడితే మా ఒడ్డున నీళ్ల ఉప్పు బాగా తగ్గిపోతుంది. అప్పుడు ఆ నీళ్లతోనే లేపాలా?

పండుగప్ప హేచరీ

వద్దు. 35 పీపీటీ నీళ్లు ఒకేసారి వడకట్టి సీసాల్లో దాచుకో, ఏడాదంతా అవే వాడు. ఒడ్డు నీళ్ల పీపీటీ కావాలంటే పక్కన రాసుకో. ఫోకస్ సమస్యకు ఫోన్‌ను ఐపీస్ మీద బిగించి, నీటి చుక్క వెయ్యకముందే వీడియో మొదలుపెట్టు. తరువాత నిదానంగా చూసి లెక్కపెట్టుకోవచ్చు. ఇమేజ్‌జే అనే ఉచిత ప్రోగ్రాంలో కణాల వేగం కొలిచే ప్లగిన్ కూడా ఉంది. మొదటి వీడియో ఇక్కడే పెట్టు, కలిసి చూద్దాం.